అరుదైన పాత కారుకు గిరాకీ ఎందుకు తక్కువ? స్టాండర్డ్ గజెల్ విలువ గురించి

ప్రశ్న: మొగల్రాజపురం వాసి, విజయవాడ

అందరికీ నమస్కారం. మా తాతగారు గుంటూరు బ్రాడీపేటలో వైద్యులుగా ఉన్న రోజుల్లో కొన్న స్టాండర్డ్ గజెల్ కారు, ఆయన తరువాత విజయవాడలోని మా ఇంటికి చేరి, ఇప్పటికీ మా షెడ్డులోనే ఉంది. 1974 నాటి బండి, నాలుగు తలుపులది, 948 సీసీ పెట్రోలు ఇంజిను. కుటుంబంలో పంపకాలు జరుగుతున్నందువల్ల దానికీ ఒక ధర కట్టవలసి వచ్చింది. మా బాబాయిగారికి గాని మేనత్తగారికి గాని దానిని పరాయివాళ్లకు అమ్మడం ఇష్టం లేదు. అయినా ఎవరి వాటాలో ఎంత వేసుకోవాలో తేలాలంటే బయట దాని విలువ ఎంతో తెలియాలి గదా.

నాకు అర్థం కానిది ఇక్కడే మొదలైంది. పాత కార్లు కొని దాచుకునే అలవాటున్న కొందరిని కలిసి అడిగితే, బండి పేరు వినగానే వారి ఉత్సాహం తగ్గింది. ఒకరైతే అదే కంపెనీ అంతకు ముందు చేసిన రెండు తలుపుల హెరాల్డ్ ఉంటే వెంటనే వచ్చి చూస్తామని, గజెల్ అయితే తొందర లేదని చెప్పారు. మా వీధిలోనే ఒకరి దగ్గర ఉన్న ప్రీమియర్ పద్మినికి మాత్రం అడిగేవాళ్లు వస్తూనే ఉన్నారు. పద్మిని దశాబ్దాల తరబడి తయారైన కారు, దేశంలో ప్రతి ఊళ్లోనూ తిరిగిన కారు. గజెల్ 1972 నుంచి 1977 వరకు, అదీ కొద్ది సంఖ్యలో మద్రాసులో తయారై ఆగిపోయిన కారు. అరుదైన వస్తువుకు ఎక్కువ ధర పలకాలని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. మరి కార్ల విషయంలో అది ఎందుకు తారుమారు అవుతున్నది? సేకరించేవారు దేనిని చూసి ఒక కారును గొప్పదని, మరొక దానిని మామూలుదని నిర్ణయిస్తారు? తెలిసినవారు కొంచెం వివరంగా చెబితే, మా ఇంట్లో ఈ చర్చను ఒక దారికి తీసుకురాగలుగుతాను.

జవాబు: పాత కార్ల అభిమాని, లక్ష్మీపురం, గుంటూరు

మీ ప్రశ్న చాలా మంచిది. ఈ సంగతి సరిగా తెలియక కొందరు ఇంట్లో ఉన్న మంచి బండ్లను తూకానికి అమ్ముకున్నారు, మరికొందరు లేనిపోని ఆశలు పెట్టుకుని వాటిని షెడ్డులోనే తుప్పు పట్టనిచ్చారు. అందువల్ల కొంచెం పొడుగ్గానే రాస్తాను.

అరుదుగా ఉండడం విలువను పెంచుతుంది గాని, విలువను పుట్టించదు. ముందు ఆ బండిని కావాలనుకునేవాళ్లు ఉండాలి. ఉన్న బండ్ల కన్న కావాలనుకునేవాళ్లు ఎక్కువైనప్పుడు అరుదుదనం ధరగా మారుతుంది. బెంగళూరులో ఫైబర్ బాడీతో, మూడు చక్రాలతో తయారైన బాదల్ కారును తీసుకోండి. ఇవాళ దేశమంతా వెతికినా ఒకటి కనిపించడం గొప్ప. అయినా దాని కోసం పోటీ పడేవారు బహు కొద్దిమంది. అది మిగలకపోవడానికి కారణమే దానిని అప్పట్లో ఎక్కువమంది కోరుకోకపోవడం. చాలా కార్ల అరుదుదనం ఇటువంటిదే. కొత్తగా వచ్చినప్పుడు అమ్ముడుపోని కారు తరువాత అరుదైనదిగా కనిపిస్తుంది, కాని ఆనాడు దానిని వద్దన్న కారణాలు అలాగే దాని వెంట ఉంటాయి.

ఒకే కంపెనీ, ఒకే కాలం, ఒకే జాతి ఇంజిను అయినా తేడా ఎంత ఉంటుందో చూడాలంటే ఫెరారీ 250 శ్రేణిని చూడాలి. 1962 నుంచి 1964 వరకు పందేల కోసం చేసిన 250 జీటీవోలు 36 మాత్రమే. వాటిలో ఒకటి 2018లో అమెరికాలో వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అదే కాలంలో, అదే మూడు లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజిను కుటుంబంతో, వెనక కూడా ఇద్దరు కూర్చునేలా చేసిన 250 జీటీఈ దాదాపు 950 వచ్చాయి. మామూలు కారు లెక్కలో 950 అంటే అత్యల్పం. అయినా ఒకప్పుడు వాటి ధర ఎంతగా పడిపోయిందంటే, ఎందరో వాటిని విప్పి, ఇంజినునూ చాసిస్‌నూ (అడుగున ఉండే ఇనుప చట్రాన్ని) తీసుకుని, వాటితో జీటీవో వంటి కార్ల నకళ్లు కట్టించుకున్నారు. చెడ్డ కారు కాబట్టి అలా జరగలేదు, నిజానికి రోజువారీ వాడకానికి జీటీఈయే హాయి. కుటుంబంతో కలిసి ప్రయాణించడానికి వీలైన కారు కావడమే సేకర్తల దృష్టిలో దానికి లోటు అయింది.

జాగ్వార్ ఈ-టైప్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. 1966లో పిల్లలు కూర్చోవడానికి వెనక సీట్లు పెట్టి, కారును సుమారు తొమ్మిది అంగుళాలు పొడిగించి, పైకప్పు ఎత్తారు. 1961లో వచ్చిన మొదటి రూపం చూసినవారికి ఆ గీతలు చెదిరిపోయినట్లు అనిపించింది. ఇవాళ్టికీ వెనక సీట్లున్న ఈ-టైప్ ధర, రెండు సీట్ల ఈ-టైప్ ధర కన్న బాగా తక్కువగా ఉంటుంది. అంటే ఎక్కువ మందిని మోసేది, సామాను పట్టేది అనే గుణాలు కొత్త కారుకు బలమైతే, పాత కారుకు బలహీనత అవుతున్నాయి. పాత కారు కొనేవారు దానిలో ఆఫీసుకు పోరు. ఆదివారం ఉదయం ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి దాకా పోయి వస్తారు. అటువంటి ప్రయాణానికి వెనక తలుపులు అవసరం లేదు.

మీ గజెల్‌కు పడిన చిక్కు అచ్చంగా ఇదే. హెరాల్డ్ రూపం ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోట్టి గీసినది. బ్రిటన్‌లో 1959లో ట్రయంఫ్ పేరుతో వచ్చి, 1961లో మద్రాసులో స్టాండర్డ్ పేరుతో తయారు కావడం మొదలైంది. దాని అందమంతా ఆ పొట్టి రెండు తలుపుల ఆకారంలోనే ఉంది. మన దేశంలో కారు అంటే ఇంటిల్లిపాదీ ఎక్కేది కాబట్టి, తరువాత ఇక్కడ నాలుగు తలుపుల హెరాల్డ్ చేశారు, ఆ తరువాత ముందు భాగమూ వెనక భాగమూ మార్చి గజెల్ అన్నారు. అది మన అవసరాన్ని గుర్తించి చేసిన మంచి పనే. హెరాల్డ్ వెనక చక్రాల స్వింగ్ యాక్సిల్ (ఒక్కో చక్రం విడిగా పైకీ కిందికీ ఊగే ఇరుసు) మన రోడ్లకూ మన మెకానిక్కులకూ నచ్చలేదు గనుక, గజెల్‌కు రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిల్ వేయడం కూడా తెలివైన పనే. కాని సేకర్తలు మికెలోట్టి గీత కోసం వెతుకుతారు, అది హెరాల్డ్‌లో దొరుకుతుంది, గజెల్‌లో సగమే మిగిలింది.

ఇక పద్మిని సంగతి. మనిషి పదేళ్ల నుంచి ఇరవయ్యేళ్ల వయసులో ఏ కారును చూసి ఆశపడ్డాడో, చేతిలో డబ్బు ఆడే వయసు వచ్చాక దానినే కొంటాడు. ఇది అన్ని దేశాల్లోనూ ఉన్నదే. అమెరికాలో 1928 నుంచి 1931 దాకా 48 లక్షలకు పైగా తయారైన ఫోర్డ్ మోడల్ ఏ కార్లకు, వాటితో పెరిగిన తరం ఉన్నంతకాలం మంచి గిరాకీ ఉండి, ఆ తరం తరిగిపోతున్న కొద్దీ మెత్తబడింది. మన దగ్గర 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, 1974 ప్రాంతంలో పద్మిని పేరు తెచ్చుకుని, దాదాపు 2000 సంవత్సరం దాకా సాగిన ఆ కారులో పెళ్లికి వెళ్లినవారు, డ్రైవింగ్ నేర్చుకున్నవారు, పుష్కరాలకు పోయినవారు ఈనాడు నలభై నుంచి డెబ్బై ఏళ్ల వయసులో ఉన్నారు. 1983 డిసెంబరులో వచ్చిన తొలి మారుతి 800ను ఇప్పుడు జాగ్రత్తగా వెతికి కొంటున్నది కూడా ఇందుకే. ఎక్కువ సంఖ్యలో తయారు కావడం ఆ బండ్లకు అడ్డు కాలేదు సరికదా, అందువల్లనే వాటిని ప్రేమించేవాళ్లు ఎక్కువగా తయారయ్యారు. గజెల్‌ను చూసి పెరిగినవారు చాలా కొద్దిమంది.

జవాబు: ఆటోనగర్‌లో షాపు ఉన్నవాణ్ని, విజయవాడ

గుంటూరు మిత్రులు ఆకారం గురించీ జ్ఞాపకాల గురించీ చక్కగా చెప్పారు. బండి మీద చేయి వేసేవాడిగా నేను చూసే లెక్క వేరు. పాత కారు కొనేవాడు మొదట తనలో తాను వేసుకునే ప్రశ్న, దీనిని నిలబెట్టడానికి ఎంత అవుతుంది, నిలబెట్టాక అంత పలుకుతుందా అని. ఈ రెండు అంకెల మధ్య దూరమే చాలా బండ్ల తలరాతను నిర్ణయిస్తుంది.

టింకరింగ్ కూలి, పెయింటు, క్రోము ప్లేటింగు, సీట్ల పని, రబ్బరు బీడింగులు, వైరింగు, వీటి ఖర్చు బండి పేరును బట్టి మారదు. అంబాసిడర్‌లో మొదటి రూపమైన మార్క్-1కు పట్టే పనే గజెల్‌కూ పడుతుంది. తుప్పు పట్టిన తలుపు అడుగు కోసి కొత్త రేకు కట్టాలంటే ఏ బండికైనా అన్ని రోజులు పడుతుంది. పని పూర్తయ్యాక మార్క్-1కు వచ్చే ధరలో ఆ ఖర్చు కలిసి వస్తుంది, గజెల్‌కు రాదు. అందువల్ల గజెల్‌ను ఎవరూ పూర్తిగా బాగుచేయించరు. పైపైన పుట్టీ పెట్టి రంగు కొట్టి సరిపెడతారు. అందువల్ల బయట కనిపించే గజెల్‌లన్నీ నాసిగా ఉంటాయి. వాటిని చూసి కొత్తవారు ఇదేదో నాసి బండి అనుకుంటారు. ధర తక్కువ కాబట్టి పని తక్కువ, పని తక్కువ కాబట్టి ధర తక్కువ అనే ఈ చక్రంలో ఎన్నో మంచి బండ్లు అణిగిపోయాయి.

చిన్న కార్లకే ఇలా అని అనుకోకండి. రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో 1965 నుంచి 1980 దాకా వచ్చింది. ఆ కంపెనీ చరిత్రలో అంత ఎక్కువగా తయారైన మోడలు అంతకు ముందు లేదు. బ్రేకులకు అధిక పీడన హైడ్రాలిక్ వ్యవస్థ, సస్పెన్షన్ ఎత్తును సర్దడానికి సిట్రోయెన్ దగ్గర లైసెన్సు తీసుకున్న వ్యవస్థ అందులో ఉన్నాయి. కొత్తలో అది ఇంజినీరింగ్ గొప్పతనం. పాతబడ్డాక ఆ గొట్టాలు, పంపులు, సీళ్లు మార్చే ఖర్చు కారు ఖరీదును దాటిపోతుంది. అందుకే బ్రిటన్‌లో ఆ పేరున్న కార్లలో చవకగా దొరికేవాటిలో షాడో ఒకటి. పేరు రాజుదే అయినా పోషణ భారం చూసి జనం వెనక్కు తగ్గుతారు.

గజెల్ విషయంలో విడిభాగాల సంగతి రెండు రకాలుగా ఉంది. 948 సీసీ ఇంజిను స్టాండర్డ్ టెన్ నుంచి హెరాల్డ్ దాకా వచ్చిన ఇంజినే. హెరాల్డ్ చాసిస్ ఆధారంగానే బ్రిటన్‌లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కూడా తయారై 1980 దాకా సాగింది కాబట్టి, ఆ కుటుంబానికి కావలసిన గాస్కెట్లు, బేరింగులు, ముందు సస్పెన్షన్ బుష్‌లు, బ్రేకు సామాను నేటికీ అక్కడ కొత్తవి చేసి అమ్ముతున్నారు. తెప్పించుకోవచ్చు. కాని బ్రిటన్‌లో నాలుగు తలుపుల హెరాల్డ్ రానే లేదు. కాబట్టి మీ వెనక తలుపు, దాని గ్లాసు, దాని చుట్టూ ఉండే రబ్బరు, గజెల్‌కే ప్రత్యేకమైన ముందు గ్రిల్లు, వెనక దీపాల చుట్టూ ఉండే భాగం, ఇవి ఏ దేశం నుంచీ రావు. పోయినవి పోయినట్లే. మా ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన చేతులు రేకును ఎలా కావాలంటే అలా మలుస్తాయి, ఆ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. నమూనా ఒకటి ఎదురుగా ఉంటే తలుపు కూడా కడతారు. కంపెనీ ముద్ర ఉన్న చిన్న క్రోము అచ్చులు, గ్లాసు వంపు, మీటరు బోర్డు మాత్రం చేతితో తెచ్చిపెట్టడం కష్టం. అందువల్ల మీ బండికి ఆ భాగాలు ఉన్నాయా లేవా అన్నదే దాని విలువలో పెద్ద భాగం అవుతుంది. ఇంజిను తిరగడం అందరికీ ముందుగా కనిపిస్తుంది గాని, అది రెండో సంగతి.

ఇంకొకటి. ఈ ప్రాంతంలో పాత పెట్రోలు కార్లకు డీజిలు ఇంజిన్లు బిగించిన కాలం ఒకటి నడిచింది. పెట్రోలు ధర భరించలేక చేసిన పని, అప్పుడు వారికి అదే సరైనది. అటువంటి బండి ఎంత బాగా నడిచినా సేకర్త దగ్గరకు రాడు. అలాగే పైకప్పు కోసి ఓపెన్ కారుగా మార్చిన హెరాల్డ్‌లను పెళ్లి ఊరేగింపుల కోసం అద్దెకిస్తుంటారు. హెరాల్డ్ పైకప్పు బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి ఆ పని తేలిక. అసలుకే ఓపెన్‌గా తయారైన కారు విలువ మాత్రం వీటికి రాదు.

మొగల్రాజపురం వాసి

ఇద్దరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. మీరు రాసినవి చదివి మా బాబాయిగారితో కలిసి బండిని మళ్లీ శ్రద్ధగా చూశాను. ఇంజిను అసలుదే. చాసిస్ ప్లేటు మీద నంబరు, ఆర్.సి. పుస్తకంలో నంబరు కలుస్తున్నాయి. నాలుగు తలుపులు, గ్రిల్లు, దీపాలు, మీటరు బోర్డు అన్నీ ఉన్నాయి. వెనక గ్లాసు రబ్బరు చిట్లిపోయింది. లేత నీలం రంగు బండికి ఎప్పుడో తెలుపు వేయించారు. ఆర్.సి. ఇంకా తాతగారి పేరు మీదనే ఉంది, దాని గడువు తీరి చాలా ఏళ్లయింది. ఆయన కొన్ననాటి రసీదు, సర్వీసు చేయించిన కాగితాలు, కారు ముందు నిలబడి తీయించుకున్న ఫోటోలు మేనత్తగారి దగ్గర ఉన్నాయి. వీటికి ఏమైనా విలువ ఉంటుందా? అలాగే ముందు ముందు ఈ బండి ధర పెరిగే వీలుందా?

జవాబు: న్యాయవాది, సూర్యారావుపేట, విజయవాడ

మీ మేనత్తగారి దగ్గర ఉన్న కాగితాలను వేరే ఫైలులో భద్రపరచమని మొట్టమొదట చెప్పదలిచాను. ఇంజిను నంబరు, చాసిస్ నంబరు కలవడం, మొదటి కొనుగోలు రసీదు ఉండడం, ఒకే కుటుంబం చేతిలో ఉండడం, ఇవి ఒకే మోడలుకు చెందిన రెండు కార్ల మధ్య పెద్ద తేడా తెస్తాయి.

లక్ష్మీపురం మిత్రులు జ్ఞాపకాలకు ఇచ్చినంత స్థానం నేను ఇవ్వలేను. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాంల పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 1912 నాటిది. దానిని బాల్యంలో చూసి ఆశపడినవారు ఇవాళ ఎవరూ లేరు. అయినా దాని విలువ తగ్గదు. తన కాలానికి అది యంత్ర నిర్మాణంలో శిఖరం, దాని వెనక ఒక రాజ్య చరిత్ర ఉంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తరం మారినా కారు నిలుస్తుంది. రెండూ లేని కారు మాత్రమే జ్ఞాపకాల మీద ఆధారపడుతుంది, ఆ జ్ఞాపకాలు ఉన్నవారితోనే వెళ్లిపోతుంది. చరిత్ర బలం ఎంతటిదో మన రాష్ట్రంలోనే చూశాం. 1982లో పార్టీ స్థాపించాక ఎన్.టి. రామారావుగారు ఊరూరా తిరిగిన చైతన్య రథం పాత షెవర్లే వ్యానును మార్పించి చేసినదే. అసలు రూపం చెడితే విలువ పోతుందన్న సూత్రం దానికి వర్తించదు, ఎందుకంటే ఆ మార్పే చరిత్ర. మీ తాతగారి కారుకు అంత పేరు లేకపోవచ్చు. కాని గుంటూరులో ఒక వైద్యుడు వాడిన బండి అని కాగితాలతో, ఫోటోలతో చూపగలిగితే, ఊరూ పేరూ లేని గజెల్ కన్న అది తప్పక మెరుగు.

ఇక చట్టం సంగతి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జూలైలో వింటేజ్ వాహనాల నమోదుకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు దాని కిందికి వస్తాయి. చాసిస్ గాని, బాడీ గాని, ఇంజిను గాని మార్చి ఉండకూడదు. ఆటోనగర్ మిత్రులు చెప్పిన డీజిలు మార్పిడి బండ్లకు సేకర్తలే కాదు, ఈ నియమం కూడా తలుపు మూసింది. కొత్త నమోదుకు 20,000 రూపాయలు రుసుము, పదేళ్ల చెల్లుబాటు, తరువాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు. కొత్తగా నమోదైన వాటికి రాష్ట్ర అక్షరాల తరువాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్టరై ఉన్న బండ్లు తమ పాత నంబరునే ఉంచుకోవచ్చు. ఈ సౌకర్యాన్ని వదులుకోకండి. పాత నంబరు ప్లేటుతో ఉన్న కారుకు, కొత్త నంబరు పడిన అదే కారుకు కొనేవారి దృష్టిలో తేడా ఉంది. అయితే వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే తీయాలి. మీ బండి 1974 నాటిది కాబట్టి వయసు పరీక్ష దాటింది.

ముందుగా చేయవలసినది వారసుల పేరు మీదికి ఆర్.సి. మార్పించడం. వారసత్వ ధ్రువపత్రంతో, మిగిలిన వారసుల అంగీకార పత్రాలతో రవాణా కార్యాలయంలో దరఖాస్తు చేయండి. పంపకాల దస్తావేజులో కారును చాసిస్ నంబరుతో సహా రాయించండి. కాగితాలు సరిగా లేని పాత బండికి ఎంత మంచి కొనుగోలుదారైనా సగం ధర కూడా చెప్పడు, అసలు చాలామంది ముందుకే రారు.

జవాబు: పాత కార్ల అభిమాని, లక్ష్మీపురం

న్యాయవాదిగారి మాటను నేను అంగీకరిస్తున్నాను. సిల్వర్ ఘోస్ట్ స్థాయి బండ్లకు జ్ఞాపకాల అవసరం లేదు. నేను రాసినది నలుగురూ కొనగలిగే కార్ల గురించి అని చదువుకోగలరు.

ధర పెరుగుతుందా అన్న ప్రశ్నకు నా ఉద్దేశం ఇది. ఒక బండిని జనం చిన్నచూపు చూడడానికి గల కారణం ఎటువంటిదో గమనించాలి. కొన్ని కారణాలు కాలంతో పాతబడతాయి, కొన్ని ఎన్నటికీ పోవు. 1985లో స్టాండర్డ్ కంపెనీయే తెచ్చిన స్టాండర్డ్ 2000 ఉంది. దాని బాడీ రోవర్ ఎస్‌డీ1 ది, 1977లో యూరోపులో ఆ ఏటి మేటి కారుగా ఎంపికైన అందమైన రూపం. లోపల పెట్టిన రెండు లీటర్ల ఇంజిను మాత్రం ఎన్నో ఏళ్ల పాతది. ఖరీదు ఎక్కువ, పెట్రోలు ఖర్చు ఎక్కువ, మూడేళ్లకే తయారీ ఆగిపోయింది. ఆ రూపానికి, ఆ ఇంజినుకు పొత్తు కుదరకపోవడం బండిలోనే ఉన్న లోపం, దానిని కాలం నయం చేయదు. హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సా అలా కాదు. 1984లో వచ్చినప్పుడు అంబాసిడర్ 1.5 లీటర్ల ఇంజినుతో అంత పెద్ద బాడీని ఈడ్చలేక విమర్శలు పడ్డది, తరువాత జపాను కంపెనీ ఇసుజు 1.8 లీటర్ల ఇంజినుతో తేరుకుంది. తయారీ ఆగిపోయాక చాలాకాలం దానిని పట్టించుకున్నవారు లేరు. ఎనభైలలో పుట్టినవారి చేతికి డబ్బు వచ్చాక ఇప్పుడు బాగున్న కాంటెస్సా కోసం వెతుకులాట పెరిగింది.

ఇంకొక ఉదాహరణ, బ్రిటన్‌లో ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారు. అమెరికా భద్రతా నిబంధనల కోసం 1974 చివరలో క్రోము బంపర్లు తీసి నల్లని రబ్బరు బంపర్లు పెట్టి, కారు ఎత్తు పెంచారు. రబ్బరు బంపరు ఎంజీబీలకు ఇన్నేళ్ల తరువాత కూడా క్రోము బంపరు వాటి ధర రాలేదు. మన దేశంలో కూడా ఫియట్ 1100 తొలి రోజుల కార్లను, వెనక వైపు కీలుతో తెరుచుకునే ముందు తలుపులున్న వాటిని, తరువాతి పద్మిని కన్న ఎక్కువ ఇష్టంగా కొంటారు. ఒక వంశంలో మొదటి రూపానికి ఉన్న గౌరవం తరువాత దిద్దిన రూపాలకు రావడం చాలా అరుదు, దిద్దుబాట్లు ఎంత ప్రయోజనకరమైనవైనా సరే. ఆ లెక్కన గజెల్ ఎప్పటికీ హెరాల్డ్ ధరను అందుకోదని నా అభిప్రాయం.

అయితే గజెల్‌కు హెరాల్డ్‌కు లేని ఒక విశేషం ఉంది. బ్రిటిష్ కారును తీసుకుని, మన రోడ్లకు, మన కుటుంబాలకు తగినట్లు మద్రాసులో మార్చి, మరే దేశంలోనూ లేని మోడలును చేశారు. దేశీయ మోటారు పరిశ్రమ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు ఇప్పుడు పెరుగుతున్నారు, వారికి ఈ బండి ముఖ్యమైనది. వారి సంఖ్య చిన్నదే, కాబట్టి అమ్మాలనుకుంటే ఓపికగా అటువంటి వారిని వెతకాలి. విజయవాడలో దొరకకపోతే చెన్నై, కోయంబత్తూరు వైపు అడగడం మంచిది, ఆ కార్లు పుట్టిన చోట వాటిని ఎరిగినవారు ఎక్కువ.

జవాబు: ఆటోనగర్‌లో షాపు ఉన్నవాణ్ని

తెలుపు రంగు గురించి ఎవరూ చెప్పలేదు. దానిని ఇప్పుడే తీయించకండి. డిక్కీ లోపల, డాష్‌బోర్డు వెనక, తలుపు మూల సందుల్లో పాత లేత నీలం మిగిలి ఉంటుంది. అది ఫ్యాక్టరీ రంగు అనడానికి అదే సాక్ష్యం, కొనేవారికి దానిని చూపవచ్చు. తెలుపు మీదే మళ్లీ తెలుపు కొట్టి మెరిపిస్తే కొనేవారికి కింద పుట్టీ ఉందేమోనన్న అనుమానం వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మునిగిన బండ్లు కొన్ని రంగు వేసుకుని చేతులు మారాక, ఈ ఊరి బండి అంటేనే బయటివారు అడుగు భాగం చూడకుండా మాట్లాడడం లేదు. మీ షెడ్డులోకి నీరు రాకపోయి ఉంటే ఆ మాట స్పష్టంగా చెప్పండి, అడుగు భాగం ఫోటోలు తీసి చూపండి.

బాగుచేయించాలా వద్దా అన్నది చాసిస్ చూసి తేల్చుకోవాలి. హెరాల్డ్ కుటుంబంలో బాడీ వేరు, చాసిస్ వేరు. తలుపుల కింద, చాసిస్ నడుము నుంచి పక్కలకు చాచి ఉండే ఇనుప చేతులు మొదట తుప్పు పడతాయి. లోపల కార్పెట్లు తీసి, పైనుంచి రేకు నొక్కి చూడండి, తరువాత ర్యాంపు మీద ఎక్కించి కింద నుంచి స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. అవి గట్టిగా ఉంటే బ్రేకులు, పెట్రోలు ట్యాంకు శుభ్రం, వైరింగు, టైర్లు, రబ్బర్లు చేయించి బండిని నడిచే స్థితికి తేవడం వరకే ఖర్చు పెట్టండి, ఆ ఖర్చు తిరిగి వస్తుంది. అవి పోయి ఉంటే బాడీ ఎత్తి చాసిస్ పని చేయించాలి. ఆ ఖర్చు అమ్మకంలో రాదు. కుటుంబం ఉంచుకోవాలనుకుంటేనే అందులోకి దిగండి, పంపకంలో మాత్రం ఇప్పుడున్న స్థితికే ధర వేసుకోండి. షెడ్డు నుంచి బయటకు తీసే ముందు పాత పెట్రోలు పూర్తిగా వంపించి, ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం నూనె వేసి చేతితో తిప్పించాకే సెల్ఫ్ కొట్టండి.